కారులో ఇరుక్కున్న డిస్కు

మా పాత కారులో స్టీరియో మార్చమని నాకు చెప్పని మనిషి లేడు. మా ఆయన చెప్పాడు, మెకానిక్ చెప్పాడు, పక్క ఫ్లాటావిడ చెప్పింది. చివరికి పెట్రోలు బంకులో టైర్లకి గాలి కొట్టే అతను కూడా కిటికీలోంచి తొంగిచూసి, "ఇంకా సీడీ ప్లేయరేనా మేడమ్?" అని జాలిపడ్డాడు. ఎవరి జాలీ నాకు అక్కర్లేదు. ఆ స్టీరియో పాడదు, ఆ సంగతి నాకూ తెలుసు. దాని లోపల ఒక డిస్కు ఇరుక్కుని ఉంది, బయటికి రాదు. డిస్కు పెట్టే సందు అంచున ఎండిపోయిన కుంకుమ ఇప్పటికీ కనిపిస్తుంది. కారు అమ్మేసే రోజు వస్తే ఆ పెట్టెని ఊడబెరికి ఇంటికి తెచ్చుకుంటాను తప్ప, దాని చోట ఇంకోటి పెట్టనివ్వను.

అప్పట్లో నేను ఇబ్రహీంపట్నంలో ఒక కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. ఇల్లు పటమటలో. చిన్నప్పుడు పద్నాలుగేళ్ళు కూచిపూడి నాట్యం నేర్చుకుని, పెళ్ళవగానే మానేశాను. మానేశాను అనడం మర్యాద కోసం. మా అత్తగారు నా గజ్జెల్ని పాత చీరలో మూటకట్టించి అటక మీద పెట్టించింది. "కాపురాల్లో ఈ చప్పుళ్ళెందుకమ్మా" అంది, అదీ ఎంతో మెత్తగా. గట్టిగా అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. మెత్తగా అనేసరికి ఏమనాలో తోచక ఊరుకున్నాను. అలా ఊరుకున్నందుకు పద్దెనిమిదేళ్ళు కుళ్ళిపోయాను. ఆవిడ మీద కంటే నా మీదే నాకు కోపం ఎక్కువ.

నలభయ్యో ఏట ఒక రోజు స్టూలు వేసుకుని అటకెక్కి మూట దించాను. ఎవరినీ అడగలేదు. ఆదివారం పొద్దున్నే కారు తీసి, ఉయ్యూరు, పామర్రు మీదుగా కూచిపూడి వెళ్ళి, మా చిన్నప్పటి మాస్టారి ముందు నిలబడ్డాను. ఆయన నా నడుము కేసి చూశారు, మోకాళ్ళ కేసి చూశారు, "అడుగులు గుర్తున్నాయా?" అని మాత్రం అడిగారు. మా ఆయన "ఈ వయసులో కాలో చెయ్యో విరిగితే నన్నడగకు" అని నవ్వాడు. అత్తగారు మాత్రం, నేను ఆదివారం ఇంట్లోకి అడుగుపెట్టగానే టీవీ సౌండు పెంచేది, అంతే.

మాస్టారు నాకోసం ఒక నాట్యాంశం కూర్చి, తకధిమి అని సాగే జతులు తన గొంతుతోనే చెప్పి, పక్కవాద్యాలతో రికార్డు చేయించి డిస్కు ఇచ్చారు. దసరాకి స్టేజీ ఎక్కాలని నా కోరిక. ఆ పది రోజులూ మృదంగం వాయించేవాళ్ళూ పాడేవాళ్ళూ ఎక్కడెక్కడికో ఒప్పుకుని ఉంటారు, నాలాంటి కొత్త పాత మనిషి కోసం ఎవరూ రారు. డిస్కు పెట్టుకుని ఆడుకోవాల్సిందే. ఇంట్లో సాధన చేద్దామంటే మాది మూడో అంతస్తు. కింద ఫ్లాటాయన ఒక్క తట్టుకే పైకొచ్చి, "ఏమైనా పగలగొడుతున్నారాండీ?" అని అడిగాడు. దాంతో నా సాధనంతా కారులోనే. పటమట నుంచి ఇబ్రహీంపట్నం దాకా పోనూ రానూ స్టీరింగు మీద తాళం వేసుకుంటూ, జతులు నోటితో చెప్పుకుంటూ వెళ్ళేదాన్ని. సిగ్నల్ దగ్గర ఆటోవాళ్ళు వింతగా చూసేవాళ్ళు. చూస్తే చూడనీ అనుకునేదాన్ని.

అసలు గొడవ స్టీరియోతో. మాస్టారిచ్చిన డిస్కు ఆ పెట్టెకి రుచించలేదు. మింగడం, నాలుగుసార్లు గిరగిరా తిప్పడం, ఉమ్మేయడం. పటమటలో కంప్యూటర్ షాపతను దాన్ని చూసి, "ఇది డేటాగా రైట్ చేశారు మేడమ్, మీ కారుకి ఆడియోగా చెయ్యాలి" అని రెండు కాపీలు చేసిచ్చాడు. అవి పాట మధ్యలో గంతులేశాయి. మళ్ళీ వెళ్ళాను. "స్పీడు తగ్గించి రైట్ చేస్తానుండండి" అన్నాడు. ఈసారి రెండూ బాగా వచ్చాయి, ఒక్క చోట తప్ప. చివరి జతి సగంలో పెట్టె కిర్రుమని ఆగి, కాసేపు తనలో తాను కొట్టుకుని, తర్వాత మళ్ళీ అందుకునేది. ఒక్కోరోజు మూడు ఆవర్తనాలు, అంటే తాళం మూడు చుట్లు, మింగేసేది, ఒక్కోరోజు నాలుగు. మళ్ళీ షాపుకెళ్తే, అక్కడ అవే డిస్కులు ఎక్కడా ఆగకుండా పాడాయి, అతను చేతులు జోడించాడు. మాస్టారిచ్చిన మొదటి డిస్కు అప్పటికే కారు ఎండలో వంకర తిరిగి, ఎక్కడా పనికిరాకుండా పోయింది.

నాకు పంతం వచ్చింది. అది ఆగిన చోట నేను ఆగకూడదు అనుకున్నాను. పెట్టె నోరు మూయగానే నేను నోరు తెరిచేదాన్ని. మాస్టారి జతిని అక్షరం పొల్లుపోకుండా, స్టీరింగు మీద తాళంతో సహా, అది మళ్ళీ అందుకునేదాకా నేనే చెప్పేదాన్ని. లెక్కల టీచర్‌ని కదా, లెక్క తప్పేదాన్ని కాదు. "ఇంతకంటే కొత్త సెట్టు పెట్టించుకోవడం తేలిక" అన్నాడు మా ఆయన. తేలికని నాకూ తెలుసు. కానీ ఈ పెట్టె చేతిలో ఓడిపోయి ఇంకోటి కొనుక్కోవడం నావల్ల కాదు.

మహర్నవమి సాయంత్రం, కూచిపూడికి ఇవతల ఒక ఊళ్ళో నా కార్యక్రమం ఒప్పుకున్నారు. మాస్టారికి ఆ రోజు వేరే ఊళ్ళో పని. వెళ్ళేముందు ఫోన్ చేసి, "ఒక్కదానివే, భయపడకు" అన్నారు. పద్దెనిమిదేళ్ళ తర్వాత మొదటిసారి గజ్జె కడుతున్నాను. ఇది తప్పితే "చెప్పాం కదా" అనే మాట జీవితాంతం వినాలి. నేను ఆడేది నాట్యం అవునో కాదో ఆ సాయంత్రంతో తేలిపోతుందని వారం రోజులు సరిగ్గా అన్నం కూడా తినలేదు.

నవమి పొద్దున ఆయుధపూజ. మా ఇంట్లో ఆ పూజ మా అత్తగారిది. ఇంట్లో పనిచేసే ప్రతి వస్తువుకీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెడుతుంది. మిక్సీ, కుట్టుమిషను, మా ఆయన స్కూటరు, నా ఎర్రపెన్ను, ఏదీ వదలదు. నేను తలస్నానం చేసి వచ్చేసరికి పూజగదిలో పీట మీద నా గజ్జెలు కనిపించాయి. పసుపు, కుంకుమ, మీద రెండు చామంతులు. వాటి పక్కనే నా డిస్కులు రెండూ ఉన్నాయి. మెరిసే వైపు నిండా తడి పసుపు, నడిమధ్య కన్నానికి కాస్త పైన చక్కటి కుంకుమ బొట్టు.

"అత్తయ్యా! ఏం చేశారండీ ఇది?" అని అరిచాను.

ఆవిడ బెదిరిపోయింది. "గజ్జెలకి పెట్టాను కదమ్మా. మరి పాట వచ్చేది దీంట్లోంచేగా, దీనికి పెట్టొద్దూ?" అంది.

పద్దెనిమిదేళ్ళుగా ఏ మనిషి ఒక మంచి మాట అంటే చాలని ఎదురుచూశానో, ఆ మనిషి నన్ను ఒప్పుకున్న రోజే నా డిస్కులు నాశనం చేసింది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. మొదటి డిస్కుని కంగారులో చీరకొంగుతో గట్టిగా రుద్దాను, గీతలు పడి చచ్చిపోయింది. రెండోదాన్ని తడిగుడ్డతో మెల్లగా, మధ్యలోంచి అంచుకి తుడిచి, పరీక్షించడానికి కిందికి పరుగెత్తి కారులో పెట్టాను. పాడింది. చివరి జతి దగ్గర ఎప్పటిలాగే ఆగి, ఎప్పటిలాగే అందుకుంది. హమ్మయ్య అనుకుని బటన్ నొక్కాను. రాలేదు. పైవైపు షాపతను అంటించిన కాగితం పసుపు నీళ్ళకి నానిందని నేను చూసుకోలేదు. అది లోపల ఊడి మడతపడి సందుకి అడ్డం పడింది, డిస్కు పాడుతుంది గానీ బయటికి రాదు. ఆ తప్పు మాత్రం నాదే.

మెకానిక్ దగ్గరికి వెళ్ళాం. షెడ్డులో స్పానర్లు, స్క్రూడ్రైవర్లు అన్నీ బల్ల మీద బారుగా పరిచి, బొట్లు పెట్టి, నిమ్మకాయలు కోసి ఉన్నాయి. "ఇవాళ పనిముట్లు ముట్టుకోకూడదు మేడమ్, రేపు రండి" అన్నాడు. రెండో షెడ్డులోనూ అదే. కంప్యూటర్ షాపుకి తాళం. మాస్టారి ఫోన్ ఎత్తేవాళ్ళు లేరు. ఇంటికి తిరిగొచ్చాక మా ఆయన "పోనీ, ఈసారికి వద్దని చెప్పేద్దామా?" అన్నాడు. మంచికే అన్నాడు పాపం. "కారు తీయండి" అన్నాను. అని, నేనే వెళ్ళి డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. పక్క సీట్లోకి అత్తగారు పిలవకుండానే ఎక్కింది. మా ఆయన వెనక కూర్చున్నాడు.

ఆ ఊరికి చేరేసరికి ఇంకా వెలుతురుంది. ఆరుబయట సిమెంటు అరుగే స్టేజీ. నిర్వాహకుడు చేయి చాపాడు. "డిస్కు ఇవ్వండమ్మా."

"కారులో ఉందండీ. బయటికి రాదు."

"డిస్కు లేకపోతే ఎలాగండీ? తర్వాతి వాళ్ళని పిలిచేస్తాం."

"పిలవకండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. జనాన్ని తప్పుకోమని చెప్పి, కారుని అరుగు పక్కకి తెచ్చి ఆపి, నాలుగు తలుపులూ బార్లా తీశాను. మైకు సెట్టతను ఒక్క క్షణం నన్ను చూసి, ఏమనుకున్నాడో, ఒక మైకు తెచ్చి కారు స్పీకరు ముందు నిలబెట్టాడు. అత్తగారికి ఏ బటన్ నొక్కాలో చూపించాను. ఆవిడ వేలు దాని మీద పెట్టి బిగుసుకు కూర్చుంది. కొందరు నవ్వారు. నవ్వనీ.

పాట మొదలైంది. కాళ్ళకి అన్నీ గుర్తున్నాయి. మోకాళ్ళు నొప్పెట్టాయి, ఊపిరి అందలేదు, అయినా ఒక్క అడుగు తప్పలేదు. చివరి జతి సగానికి వచ్చాక కిర్రుమంది, ఆగింది. నేను నోరు తెరిచాను. పదిహేనేళ్ళుగా చివరి బెంచీకి వినబడేలా లెక్కలు చెప్పిన గొంతది, మైకు అక్కర్లేదు. ఒక ఆవర్తనం, రెండు, మూడు, నాలుగు. పెట్టె అందుకోలేదు. అత్తగారు దాన్ని అరచేత్తో చరుస్తోంది. ఐదోది, ఆరోది కూడా నేనే చెప్పాను. ఇక అది పాడదని అర్థమైంది. తకిట తకధిమి అంటూ నోరూ కాళ్ళూ ఒకటై, జతి చివరి తీర్మానం దాకా నేనే చెప్పి, నేనే ఆడి, నేనే ముగించాను. చప్పట్లు కొట్టారు. చాలామంది అది అలాగే ఉంటుందనుకున్నారట. నేనెవరికీ సర్దిచెప్పలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఉయ్యూరులో మా ఆయన వెనకనుంచి, "రేపు మెకానిక్ చేత తీయించి కొత్త సెట్టు పెట్టిద్దాంలే" అన్నాడు.

"దాన్ని ముట్టుకుంటే ఊరుకోను" అంది అత్తగారు. నేను అనబోయిన మాట అది.

వెంటనే ఆవిడే, "ఆ ఆగిపోయిన చోట నువ్వు చెప్పావే, అది మళ్ళీ చెప్పమ్మా" అంది. బండి నడుపుతూ చెప్పాను. ఆవిడ డాష్‌బోర్డు మీద చేత్తో తాళం వేయడం మొదలుపెట్టింది. నేను చెప్పేది ఒకటి, ఆవిడ వేసేది ఇంకొకటి. ఒకప్పుడైతే ఊరుకునేదాన్ని.

"తాళం తప్పు వేస్తున్నారత్తయ్యా" అన్నాను.

"అయితే నేర్పు" అంది.