నేను పంపని అప్లికేషన్

దయ్యాల కబుర్లు మొదలైతే అక్కడి నుంచి లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఇప్పటికీ వాటిని నమ్మను. మా ఆవిడ విషయంలో జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తున్నాను.

మా ఆవిడ నసీమాది పామర్రు. బెంగళూరులో మూడేళ్లు నర్సింగ్ చదివి, అక్కడే రిజిస్ట్రేషన్ చేయించుకుంది. తొంభైల చివర్లో మా నిఖా అయింది. విజయవాడ పటమటలో కాపురం పెట్టాం. నాది స్కూటర్ల స్పేర్ పార్టుల కొట్టు.

ఇంటికి దగ్గర్లోని ఒక ఆసుపత్రివాళ్లు ఆమెను స్టాఫ్ నర్సుగా తీసుకుంటామన్నారు. అయితే కర్ణాటక రిజిస్ట్రేషన్ ఇక్కడ చెల్లదు. బెంగళూరులోని నర్సింగ్ కౌన్సిల్ నుంచి అభ్యంతరం లేదనే కాయితం, ఎన్‌ఓసీ, తెచ్చుకుని, దాంతో మన రాష్ట్రంలో మళ్లీ నమోదు కావాలి. అప్పటిదాకా ట్రైనీగా చేయమన్నారు. అంత చదివిన మనిషి దుప్పట్లు మార్చి, బెడ్‌పాన్లు అందించి ఇంటికి వచ్చేది. సూది పట్టుకోనిచ్చేవారు కాదు.

ఎన్‌ఓసీ కోసం తనే బెంగళూరు వెళ్తానంది. పోస్టులో పంపితే చాలు, నేను చూసుకుంటానన్నాను. అప్లికేషన్ నింపి, ఫొటో అంటించి, సర్టిఫికెట్ల నకళ్లు జతచేసి కవరు నా చేతికిచ్చింది.

పక్క కొట్టు ఆయన నవ్వుతూ అన్న మాట నా బుర్రలో తిరుగుతూ ఉండేది. "ఏం భాయ్, ఆవిడకి ఉద్యోగం ఖాయమైతే నైట్ డ్యూటీలు పడతాయి. ఇక నువ్వు వంట నేర్చుకోవాల్సిందే."

రేపు పంపుదాం అనుకుంటూ కవరు కొట్లో సొరుగులో పడేశాను. ఇంట్లో మాత్రం రిజిస్టర్ పోస్టు చేశానని చెప్పాను.

"ఏమండీ, బెంగళూరు నుంచి ఏమన్నా వచ్చిందా?" అని రోజూ అడిగేది. ఆఫీసు పనులు కదా, టైం పడుతుందనేవాణ్ణి. ఐదు నెలలు అలా గడిచాయి. తర్వాత అడగడం మానేసింది. ఎందుకు మానేసిందో నేను ఆలోచించలేదు.

ఆ వానాకాలం చివర ఆమెకు కామెర్లు వచ్చాయి. తొమ్మిది రోజుల్లో పోయింది. తను పనిచేసిన ఆసుపత్రిలోనే పోయింది, ట్రైనీగానే.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయిన వారానికి, ఆమె పేరున బెంగళూరు నుంచి రిజిస్టర్ పోస్టు వచ్చింది. విప్పితే ఎన్‌ఓసీ. కొట్టుకు వెళ్లి సొరుగు లాగాను. నేను పంపని కవరు అలాగే ఉంది. అంటించిన జిగురు కూడా ఊడలేదు.

ఎక్కడో పొరపాటు జరిగిందనుకుని బెంగళూరు వెళ్లాను. కౌన్సిల్ ఆఫీసులో గుమస్తా చిత్తూరు వైపు పెద్దాయన. స్వయంగా వచ్చినవాళ్లు సంతకం చేసే పుస్తకం తీసి చూపించారు. మా నిఖానామా మీదున్న సంతకమే. తేదీ చూశాను. మేం ఆమెను ఖననం చేసిన తర్వాత పన్నెండో రోజు. అప్లికేషన్ మీది చేతిరాత కూడా ఆమెదే.

"ఆవిడే వచ్చారండీ, పొద్దున పదిన్నరకి. ఈ బల్ల దగ్గరే నిలబడి నింపారు. ఇన్నాళ్లూ ఏం చేశావమ్మా అంటే, మావారు ఎప్పుడో పంపుదామన్నారండీ, కాయితాలు నేనే ఎక్కడో పోగొట్టుకున్నాను అన్నారు. డ్యూటీలో చేరారా మరి?"

తల ఊపి వచ్చేశాను.

ఎవరైనా స్నేహితురాలు ఆమె పేరుతో వెళ్లిందేమోనని, బెంగళూరులో ఆమెతో చదివిన ఇద్దరినీ వెతికి అడిగాను. ఒకామెకు నసీమా పోయిన సంగతే నేను చెప్పేదాకా తెలియదు. రెండో ఆమె ఏడుస్తూ, తనకు ఎన్‌ఓసీ మాటే చెప్పలేదంది.

ఆ బల్ల దగ్గర నిలబడింది ఎవరో ఈనాటికీ నాకు తెలియదు. ఆ గుమస్తాకు ఆ రోజు చెప్పలేకపోయిన ఒక్క మాట మాత్రం తెలుసు. అప్లికేషన్ నసీమా పోగొట్టుకోలేదండీ. నేను పంపలేదు.