ఆపకూడని పెట్టె

మద్రాసు పేరు చెన్నై అయిన కొత్తలో, జార్జి టౌన్‌లోని మా ఇంట్లో మూడు కంప్యూటర్లు ఉండేవి. గొప్పకు చెప్పడం లేదు. ముందుగదిలో నేను పెళ్లిపత్రికలు కంపోజ్ చేసేది ఒకటి, మేడ మీద మా ఆయనది ఒకటి. ఆ రెండింట్లో చోటు చాలక, దాచుకోవలసినదంతా అవి ఒక నల్ల కేబుల్ గుండా పంపి, దేవుడి గది పక్కన మూలనున్న మూడోదాంట్లో దాచుకునేవి. ఆ మూడోదానికి తెర కూడా లేదు. రేకు డబ్బా, లోపల ఒక హార్డ్ డిస్క్, పగలూ రాత్రీ ఒకటే గురక. ఇంట్లో అందరూ దాన్ని పెట్టె అనేవాళ్లు.

అందులోని పెళ్లిపత్రికలు పోతే నాకేం దిగుల్లేదు. ఆ పెళ్లిళ్లన్నీ అయిపోయాయి. దిగులల్లా మామయ్య నిఘంటువు గురించే.

మామయ్య, అంటే మా ఆయన తండ్రి, తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. తరతరాలుగా ఈ ఊళ్లోనే ఉంటున్న మావాళ్ల తెలుగు మాటలను ఇరవై ఏళ్ల పాటు చీటీల మీద రాసి పెట్టుకున్నారు. ఒక్కో మాట కింద దాన్ని ఎలా వాడతారో చూపే వాక్యం ఒకటి. ఆయన చూపు మందగించాక ఆ చీటీలను నేను టైపు చేశాను, అక్షరానికో ఫైలు చొప్పున. ఒక అక్షరం పూర్తయిందనగానే ఆ చీటీలు అత్తమ్మ వేణ్ణీళ్ల బాయిలర్‌లోకి పోయేవి. "కంప్యూటర్లో ఎక్కినాయి గదా, ఇంకెందుకు" అని మామయ్యే తీసి ఇచ్చేవారు. 'క' చీటీలతో ఇంటిల్లిపాదీ పదిరోజులు స్నానాలు చేశాం. ఫ్లాపీల్లో నకళ్లు తీశాను గానీ, హార్బరు తేమగాలికి వాటికి బూజు పట్టింది. మా ఇంట్లో ఊరగాయ తప్ప ఏదీ నిలవ ఉండదు.

పెట్టె అప్పటికే ముసలిదయింది. ఒకసారి ఆగితే మళ్లీ తిరగడానికి మొరాయించేది. కిందటిసారి నాలుగుసార్లు స్విచ్చి వేసి, పక్కన ఒకటి చరిస్తే గానీ లేవలేదు. అప్పటి నుంచి దాన్ని ఆపడం మానేశాం. కరెంటు పోయినా ఆగకుండా యూపీఎస్ పెట్టాం. కొత్తది కొందామని మా ఆయన వారానికోసారి అనేవారు. మామయ్య ఒప్పుకోలేదు.

"నా పండ్లు గూడా కదులుతా ఉండాయి. అన్నీ పీకించేసుకుంటినా? నడిచినన్ని దినాలు నడవనీరా."

నేను ఎవరి పక్షమని అడిగితే, పండగ అయ్యాక చూద్దాం అన్నాను. కొత్తది వస్తే అన్ని ఫైళ్లనూ మోయాల్సింది నేనే. అది బద్ధకం. దానికి ఇంకో పేరు పెట్టలేను.

ఆ పండగ ఆయుధ పూజ. మా ఇంట్లో ఆ రోజు పనిముట్లన్నీ దేవుడి ముందు చేరతాయి. కత్తిపీట, నా కత్తెర, మామయ్య పెన్ను. మర్నాటి విజయదశమి దాకా వాటిని ఎవరూ ముట్టకూడదు. అత్తమ్మ అన్నింటికీ బొట్లు పెట్టి, బొరుగులు, గుగ్గిళ్లు సిద్ధం చేసి, పెట్టె దగ్గరికి వచ్చి ఆగింది.

"దీన్ని ఇంకా ఆపలేదేందమ్మా?"

"ఆపితే మళ్లీ లేవదు అత్తమ్మా."

"సంవత్సరమంతా చాకిరీ చేస్తావుండాది. కత్తిపీటకి లీవు, నీ కత్తెరకి లీవు, దీనికి మాత్రం వద్దంటే ఎట్లా? అమ్మవారి ముందర ఆపింది లేవకుండా ఏడికి పోతాది?"

మామయ్య వైపు చూశాను. ఆయన పెన్ను అప్పటికే అమ్మవారి పాదాల దగ్గరుంది. పెన్నుకి లీవిచ్చిన మనిషి పెట్టెకి వద్దనలేరు. స్విచ్చి నొక్కింది నా వేలే. గురక ఆగిపోయింది. అత్తమ్మ పెట్టెకి గంధం పూసి, బంతిపూల దండ వేసింది.

మర్నాడు అది లేవలేదు. దండ తీసి, నాలుగు కాదు, నలభైసార్లు ప్రయత్నించాం. చరిచాం. మామయ్య కుర్చీలోంచి కదలకుండా ప్రతి చరుపూ విన్నారు.

మా ఆయన కంప్యూటర్ సామాన్లు దొరికే రిచ్చీ స్ట్రీట్ నుంచి ఒక కొత్త డిస్కునూ, ఒక మెకానిక్‌నూ వెంటబెట్టుకొచ్చారు. మెకానిక్ పాత డిస్కును బయటికి తీసి, అరచేతిలో పట్టుకుని, దోసె తిరగేసినట్టు మణికట్టును ఒక్కసారి తిప్పాడు. మూడో తిప్పుకి లోపల ఏదో ఊడినట్టయింది. బిగించి స్విచ్చి వేస్తే గురక మొదలైంది. మళ్లీ ఆగితే తన చేతుల్లో లేదని, వెంటనే నకలు తీసుకోమని చెప్పాడు. అ నుంచి వరసగా ఎక్కించడం మొదలుపెట్టాను. 'ల' పూర్తయింది. 'వ' మధ్యలో కీచుమని ఒక శబ్దం వచ్చి డిస్కు ఆగిపోయింది. ఈసారి ఎన్ని దోసెలు తిప్పినా కదల్లేదు.

వ, శ, స, హ పోయాయి. మామయ్య "సరేలే" అన్నారు. ఆ సరేలే వినడం కంటే రెండు తిట్టినా బాగుండేది.

అత్తమ్మ మాట్లాడటం మానేసింది. కాఫీ ఇచ్చేది, అన్నం వడ్డించేది, నోరు తెరిచేది కాదు. మూడు రోజులు అలా గడిచాక మామయ్య ఉండబట్టలేక అన్నారు: "నువ్వు ఇట్లా నోరు కట్టేసుకుంటే ఆ పోయిన మాటలు నేను యాడ నుంచి తెచ్చేది?"

ఆమెకి అర్థం కాలేదు. అత్తమ్మ చదువంతా తమిళంలోనే. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. ఆ నిఘంటువులో ఏముందో ఆమెకి ఎవరూ చెప్పలేదు, టైపు చేసిన నాకు తెలిసి కూడా చెప్పలేదు. అప్పుడు మిగిలిన ఫైళ్లు తెరిచి వాక్యాలు పైకి చదివాను.

"కాపీ ఆరిపోతావుండాది, మళ్లా నన్ను అనబాకండి."

"చెప్పు తొడుక్కోకుండా ఎండలో ఏడికి పోతావుండారు?"

"రేపు రేపంటా ఇంకెన్నాళ్లు తోస్తారు?"

అత్తమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"ఇవన్నీ నేను మిమ్మల్ని తిట్టినవి గదా," అని మామయ్యని అడిగింది.

"అవును."

"ఇరవై ఏండ్లుగా రాసి పెట్టుకుంటిరా?"

"నువ్వు మాట్లాడతా ఉంటే బాగుంటాది," అన్నారు మామయ్య, గోడ వైపు చూస్తూ. నేను ఆ ఇంటికి వచ్చాక ఆయన అలాంటి మాట అనడం ఎప్పుడూ వినలేదు. నలభై ఏళ్ల కాపురంలో అత్తమ్మ కూడా అంతకుముందు విన్నట్టు లేదు. కళ్లు తుడుచుకుని, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. "ఏ అచ్చరం పోయింది, అడుగు," అంది. ఆ మధ్యాహ్నం 'వ'లో వక్కాకు అనే మాటతో మొదలుపెట్టాం. 'స' దగ్గరికి వచ్చేసరికి మామయ్యకి పడిన తిట్లు మళ్లీ మొదటికొచ్చాయి. ఆయన కళ్లు మూసుకుని విన్నారు.

మరుసటి ఏడాది ఆయుధ పూజకి అత్తమ్మ కొత్త పెట్టెకి గంధం పూసి, బొట్టు పెట్టి, దండ వేసింది. నేను అలవాటుగా స్విచ్చి వైపు చెయ్యి చాపాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"దాన్ని ఆపబాకు. నా మాటలుండాయి ఆడ."