బయటి గడియ

నేను పని చేసిన మొదటి బడిని ఊళ్లో ఎవరూ బడి అనలేదు. పిచ్చాసుపత్రి అనేవాళ్లు. పలక పట్టుకుని బయల్దేరిన పిల్లవాణ్ణి "యాడికిరా?" అని అడగడం, వాడు "పిచ్చాసుపత్రికి" అనడం రోజూ వినేదాన్నే. మాది వరి పండించుకునే లోపలి పల్లె. ఈ సంగతి తెలిసి మా నాన్నకు తల కొట్టేసినట్లయింది. నన్ను చూడ్డానికి రావలసిన ఒక సంబంధం వాళ్లు, అమ్మాయి ఆ ఆసుపత్రిలో పనికి ఉందా, వైద్యానికి ఉందా అని మధ్యవర్తితో అడిగించారట. ఆ సంబంధం తప్పిపోయినందుకు నేను లోలోపల సంతోషించాను. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. నోరెక్కువ. నియమాలు పెట్టడమంటే మహా ఇష్టం. ఈ రెండో గుణం గురించే ఇది రాస్తున్నాను.

కావలిలో బస్సు దిగి, జువ్వలదిన్నె వైపు బండి మీద కొంత, ఇసుకలో నడక కొంత పోతే సరుగుడు తోట అంచున ఆ కట్టడం కనిపించేది. దొరల కాలంలో ఒక డాక్టరు సముద్రపు గాలికి మతి కుదుటపడుతుందని నమ్మి కట్టించాడని చెప్పేవాళ్లు. ఇటుకా సున్నంతో కట్టిన మూరెడు మందం గోడలు. కిటికీలు మనిషికి అందనంత ఎత్తులో, చువ్వలతో ఉండేవి. ఒకటే పొడుగాటి హాలు, దక్షిణం వైపు వసారా, పైన పెంకులు. డాక్టరు పోయాక ఎవరెవరో కొన్నేళ్లు నడిపి, యాభైల చివర్లో ఇక మా వల్ల కాదని మూసేశారు. రోగుల్ని లారీ ఎక్కించి దూరపు ఊళ్లో పెద్ద ఆసుపత్రికి పంపారు. మేం ఎక్కం అని కొందరు ఏడ్చారని, నన్నూ ఎక్కించుకోండని కొందరు ఏడ్చారని, వసారా ముందు చేపలు ఎండబెట్టుకునే ఒక ముసలామె నాతో చెప్పింది. కొంతకాలం ఖాళీగా పడి ఉన్నాక పంచాయతీ సమితి వాళ్లు గోడలకు సున్నం కొట్టించి, తలుపుకు పచ్చరంగు పూయించి బడి చేశారు.

ఆ తలుపు గురించి చెప్పాలి. హాలుకు ఉన్నది అదొక్కటే. ఒంటి రెక్క టేకు తలుపు, బయటికి తెరుచుకునేది. బయటివైపు గోడలోకి దిగే బరువైన ఇనుప గడియ ఉండేది. లోపలివైపు మాత్రం ఏమీ లేదు. గడియ లేదు, గొళ్లెం లేదు, పట్టుకు లాగడానికి చిన్న ఉంగరం కూడా లేదు. నున్నటి చెక్క. లోపలివాళ్లకు తలుపుతో పనేముందని కట్టించినవాళ్లు అనుకుని ఉంటారు. చేరిన కొత్తలో లోపల ఒక గడియ పెట్టించమని సమితికి రాశాను. వడ్రంగి చేత అంచనా రాయించి పంపమన్నారు. బడిలో లోపల గడియ పెట్టుకుని కూర్చునే అవసరం ఎవరికొస్తుందిలే అని నేనూ ఊరుకున్నాను.

ఆసుపత్రి పోయినా అందులోని మనిషి ఒకామె మిగిలిపోయింది. నలభై దాటి ఉంటాయి. బిడ్డ పోయాక మాట్లాడడం మానేసిందని భర్త తెచ్చి అక్కడ దింపాడట. మాట తొందరగానే వచ్చింది గానీ, భర్త రాలేదు. మూసేసే ముందు అందరి ఇళ్లకూ ఉత్తరాలు పోతే, ఈమె తమ్ముడు మాత్రం తానే వచ్చి తీసుకుపోతానని జవాబు రాశాడు. అందుకని లారీ జాబితాలో ఆమె పేరు చేర్చలేదు. తమ్ముడూ రాలేదు. హాలుకు పదడుగుల దూరంలో ఉన్న వంటగదిలో పడుకునేది. నేను వచ్చేసరికి బడికి నీళ్లు మోయడం, ఆవరణ ఊడ్వడం, మధ్యాహ్నం అమెరికా పాలపొడి కలిపి కాచడం ఆమె పనులు. జీతం లేదు. సాయంత్రం పిల్లలు పోయాక తలుపు మూసి ఆ ఇనుప గడియ వేసేది కూడా ఆమే. అది మొరాయించే గడియ. కాస్త పైకెత్తి తిప్పితే గానీ దిగదు. ఆ కిటుకు నాకు ఎన్నాళ్లకూ పట్టుబడలేదు.

ఆమెకున్న పిచ్చేమిటో నాకెప్పుడూ కనిపించలేదు. ఒక్కటి మాత్రం గమనించాను. చెప్పనిదే ఏదీ చేసేది కాదు, చెప్పింది ఎన్నడూ మానేది కాదు.

రెండో ఏడు పిల్లల తల్లులు కొందరు వచ్చి పిచ్చిది తిరిగే గదిలో మా బిడ్డల్ని కూర్చోబెట్టం అన్నారు. ఆమెను పంపేస్తే పోవడానికి చోటు లేదు. బడి ఖాళీ అయితే నా ఉద్యోగం లేదు. నేను బాగా ఆలోచించి, నా తెలివికి నేనే మురిసిపోతూ ఒక నియమం పెట్టాను. నేను పిలిస్తే తప్ప ఆమె హాలు గడప దాటకూడదు. దాటిందా, ఇక ఇక్కడ ఉండడానికి లేదు. ఈ మాట ఆ తల్లుల ముందే ఆమెకు చెప్పాను. ఆమె నా ముఖంలోకి చూసి, "దాటనమ్మా. నన్ను పంపీయొద్దు" అంది.

దాటలేదు. బిందె గడప మీద పెట్టి పక్కకు తప్పుకునేది. చీపురు గడప దాకా వచ్చి ఆగేది. ఒకసారి నేను పెరట్లో ఉండగా ఒక పిల్లవాడు బల్ల మీంచి పడి నుదురు పగలగొట్టుకున్నాడు. నేను పరిగెత్తుకొచ్చేసరికి ఆమె గడప బయట నిలబడి, రక్తం చూస్తూ, "రమ్మనండి టీచరమ్మా, నన్ను రమ్మనండి" అని ఏడుస్తోంది. నేను రమ్మన్నాక ఒక్క అంగలో వెళ్లి వాణ్ణి ఎత్తుకుంది. ఆరోజు నాకు సిగ్గు వేయాలి. వేయలేదు. నా మాటకు ఇంత విలువ ఉందని గర్వపడ్డాను.

అరవైల నడుమ ఒక కార్తీకంలో తుఫాను వచ్చింది. తెల్లవారేసరికే ఉత్తరపు గాలి సరుగుడు చెట్లను నేలకు వంచుతోంది. ఒడ్డున జాలర్లుండే పల్లెపాలెంలో గుడిసెలు లేచిపోతుంటే జనం పిల్లల్ని చంకనేసుకుని బడికి వచ్చారు. అంత గట్టి కట్టడం చుట్టుపక్కల ఇంకోటి లేదు. అరవై మందికి పైగా ఉంటాం. అందరం హాల్లో చేరాక చూస్తే ఆమె వసారాలో గోడకు అంటుకుని తడుస్తూ కూర్చుని ఉంది. నేను పిలిచాను. లోపలికి వచ్చి తలుపు పక్కనే ముడుచుకుని కూర్చుంది. ఆ తల్లుల్లో ఒకామె తన బిడ్డను ఇటువైపు జరుపుకుంది.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. గాలి దాన్ని బయటికి పీకి గోడకేసి కొట్టడం మొదలుపెట్టింది. మగవాళ్లు అంచు పట్టి లాగారు. ఒకతని వేళ్లు నలిగిపోయాయి. పట్టుకోవడానికి లోపల ఏమైనా ఉంటే కదా. ఒకరు బయటి గడియకు తాడు కట్టి నలుగురు లోపలినుంచి లాగిపట్టారు. తలుపు అంచున ఒరుసుకుని తాడు తెగింది. ఇంకో తాడు లేదు. అప్పటికే పైన నాలుగు వరసల పెంకులు పోయి వాన లోపల పడుతోంది. తలుపు ఊడితే కప్పంతా లేస్తుందని పెద్ద వయసు పడవమనిషి ఒకాయన అన్నాడు. బయటినుంచి గడియ వేయడం తప్ప దారి లేదు. వేసినవాళ్లు బయటే ఉండాలి.

సముద్రంతో పోట్లాడే మగవాళ్లు ఇరవై మంది ఉన్నారు. ఒక్కొక్కరి పక్కనా పెళ్లాం, ఒళ్లో పిల్లలు. అందరూ నేల చూపులు చూస్తున్నారు. తర్వాత ఒక్కొక్కరే తలెత్తి చూసింది ఆమె వైపు. నేనూ అటే చూశాను. ఆమెకు వెనకా ముందూ ఎవరూ లేరని మా అందరికీ తెలుసు. నోటితో మాత్రం ఎవరూ అనలేదు. అనవలసిన పని నాదే, ఎందుకంటే ఆమె నా మాట వింటుంది.

"ఆ గడియ నీకే బాగా తెలుసు. వేసి వంటగదిలోకి వెళ్లి కూర్చో. గాలి తగ్గాక పిలుస్తాను" అన్నాను.

ఆమె లేచింది. కొంగు నడుముకు చుట్టుకుని, "పిలుస్తారు గదమ్మా?" అంది.

పిలుస్తానన్నాను. బయటినుంచి గడియ ఒక్క దెబ్బకు దిగిన చప్పుడు వినిపించింది. హాల్లో చీకటి పడి, గాలి రొద సగానికి తగ్గింది. ఎవరో దేవుడికి దండం పెట్టారు. నాకు ఒళ్లంతా హాయి అనిపించింది. అది దాచుకోవడం ఎందుకు, అలాగే అనిపించింది.

మధ్యాహ్నానికి గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. చూరు నుంచి నీళ్లు కారే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అప్పుడు తలుపు అవతలినుంచి ఆమె గొంతు వినిపించింది.

"తలుపు తీసేదా టీచరమ్మా?"

నేను లేచాను. పడవమనిషి నా ముందు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇది అయిపోయిన గాలి గాదు. తిరిగొస్తాది. ఇప్పుడు తీయొద్దు" అన్నాడు. ఆమె లోపలికి వస్తే ఇంకొకరు బయటికి పోవాలి. అది అందరికీ అర్థమైంది. నా చెయ్యి పట్టుకుని ఒక తల్లి, వద్దమ్మా, వద్దమ్మా అంటోంది.

"ఇంకా వద్దు. వంటగదిలోనే ఉండు" అన్నాను.

"వంటగది కప్పు ల్యాచిపోయిందమ్మా" అంది. అడుగుతున్నట్టు కాదు, బిందెలో నీళ్లు అయిపోయాయని చెప్పినట్టే చెప్పింది.

"ఇంకాసేపే. అక్కడే ఉండు."

"సరేనమ్మా" అంది.

గడియ ఆమె చేతిలో ఉంది. తీసుకుని లోపలికి వచ్చేస్తే అడ్డం పడగలిగినవాళ్లు లేరు. నేను పిలవలేదు కాబట్టి రాలేదు. ఆ నిశ్శబ్దం అరగంట పైనే ఉంది. ఆ అరగంటలో తలుపు తీయించి, తెగిన తాడును ముడేసి, బల్లలు విరిచి, లోపలినుంచి బిగించడానికి వంద ఉపాయాలు చేయవచ్చని నాకు తర్వాత తోచింది. అప్పుడు ఎవరికీ తోచలేదు. తలుపు మూసి ఉంది, మేం లోపల ఉన్నాం.

రెండో గాలి దక్షిణం నుంచి వచ్చింది. తలుపు ఉన్నది ఆ వైపే. బయటికి తెరుచుకునే తలుపు. ఆ గాలికి దాన్ని ఎవరూ పట్టుకోనక్కర్లేదు, గడియా అక్కర్లేదు, గాలే దాన్ని లోపలికి అదిమి పట్టింది. చెక్క వణికింది గానీ వేలెడు సందు కూడా ఇవ్వలేదు. ఆ గాలి మొదలైన కాసేపటికే నాకది తెలిసిపోయింది. పడవమనిషికీ తెలిసిందనుకుంటాను. ఆయన నా వైపు చూడడం మానేశాడు. మేం ఆమెను ఉత్త పుణ్యానికి బయట ఉంచాం. పిలిచాను. గొంతు చించుకుని పిలిచాను. ఆ రొదలో నా పిలుపు నాకే వినిపించలేదు.

సాయంత్రానికి గాలి పోయింది. తలుపు తీసేవాళ్లు లేరు. అందరం కలిసి చెక్కను బాదాం. బాదుతుంటే పచ్చరంగు పెళ్లలుగా ఊడి, దాని కింద చెక్క నిండా సొట్టలు, గీరలు బయటపడ్డాయి. సరిగ్గా మనిషి పిడికిలి ఎత్తులో ఉన్నాయి. నా చేతులు వాటి మీదే పడుతున్నాయి. నాలుగేళ్లుగా రోజూ ఆ తలుపు పక్కన నిలబడి పాఠం చెప్పాను. ఆ రంగు కింద ఏముందో ఒక్కసారీ అనుకోలేదు.

మరునాడు పొద్దున పక్క పాలెం వాళ్లు వచ్చి గడియ తీశారు. ఆమె వంటగది మూలలో ఉంది, కూలిన దక్షిణపు గోడ కింద. నేను ఉండమన్న చోటే ఉంది. తల్లులు ఏడ్చారు. బిడ్డను ఇటు జరుపుకున్నామె అందరికంటే ఎక్కువ ఏడ్చింది. నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. నాకు కన్నీళ్లు రాలేదు.

వారం తిరక్కుండా అధికారులు వచ్చారు. అంతమందిని కాపాడిన టీచరమ్మ అని ఊరివాళ్లే నన్ను ముందుకు తోశారు. లోపల రెండు గడియలు పెట్టించమని అక్కడికక్కడే ఉత్తర్వు ఇచ్చారు, అంచనా కూడా అడగలేదు. భవనం గురించి నన్నొక నివేదిక రాసిమ్మన్నారు. రాశాను. పెంకులు పోయిన సంగతి, వంటగది కూలిన సంగతి రాశాను. చివర, భవనంలో ఉన్నవారెవరికీ ప్రాణహాని జరగలేదు అని రాసి సంతకం పెట్టాను. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. ఆమె భవనంలో లేదు. నేను రమ్మనలేదు.