ఆఖరున వచ్చేవాడు

వారమంతా మా పంపా మైదానపు ఊళ్ళో జనానికి కళ్ళజోళ్ళు అమర్చే ఫౌస్తీనో, నెలలో చివరి ఆదివారం మాత్రం రేసు డ్రైవరు. చిల్లుల తోలు చేతితొడుగులు వేసుకుని, బుగ్గలు పొంగుకొచ్చేలా హెల్మెట్ బిగించి, ఎర్రటి పాత స్పోర్ట్స్ కారు బానెట్‌ని గుర్రాన్ని తట్టినట్టు తడతాడు. గోధుమ చేల నడుమ ట్రాక్ మీద మలుపు ఇంకా దూరంలో ఉండగానే బ్రేకు వేసి, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని మెల్లగా తిప్పుతాడు. ఈలోగా మిగతావాళ్ళంతా చెయ్యూపుతూ దాటిపోతారు. అందరికంటే ఆఖరున వచ్చినవాడు, భోజనాలయ్యాక మాంసం కాల్చిన ఇనప జాలీ తోమాలన్నది అక్కడి ఆచారం. ఆ పని ఎప్పుడూ ఫౌస్తీనోదే. జాలీ చల్లారకముందే తీగబ్రష్షుతో గీకుతాడు, సగం కోసిన ఉల్లిపాయతో రుద్దుతాడు, పాత పేపరుతో తుడుస్తాడు.

పోయిన నెల మాంసం కొట్టు అమిల్కర్ కారు గడ్డిలోకి దూసుకుపోయి ఆఖరున వచ్చింది. "ఈసారి నేను కాదే నిల్దా!" అని ఫౌస్తీనో భార్య ముందు గంతులేశాడు. తిన్నాక కాళ్ళు చాపుకుని, మాతే టీ పీలుస్తూ, అమిల్కర్ జాలీ తోమడం చూశాడు. కాసేపే. "అదేం తోముడురా, దానికి చక్కిలిగింతలు పెడుతున్నావా? ఇలా తే!" "నువ్వు కూర్చో బావా, ఇవాళ నీ వంతు కాదు." "చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదురా." బ్రష్షు లాక్కున్నాడు.

ఈ నెల మళ్ళీ ఫౌస్తీనోనే ఆఖరున వచ్చాడు. ఇంజను వేడెక్కిందన్నాడు. పొద్దున బయల్దేరేటప్పుడే కొత్త తీగబ్రష్షు కారులో పెట్టుకున్నాడని మాత్రం నిల్దా చెప్పింది.