మూడో రౌండ్‌లో అన్నయ్య పేరు

నిన్న హామిల్టన్‌లో బస్సెక్కి కూర్చోగానే ముందు సీట్లోని పెద్దాయన దగ్గర్నుంచి నొప్పుల బామ్ వాసన గుప్పుమంది. ఆ ఘాటుకు పక్కవాళ్ళు ముఖం తిప్పుకున్నారు గానీ, నాకు మాత్రం మిల్టన్‌లోని మా పాత ఇల్లు, మంచు కరిగి బురదగా మారిన వాకిలి, ఉతకడానికి తీసిన అన్నయ్య జెర్సీని ముక్కుకు ఆనించుకుని కదలకుండా నిలబడిపోయిన అమ్మ, అన్నీ కళ్ళముందుకు వచ్చాయి.

అప్పుడు నాకు పదేళ్ళు. అన్నయ్యది హైస్కూల్లో చివరి సంవత్సరం; బేస్‌బాల్ జట్టులో ఎడమచేత్తో బంతి విసిరే పిచర్. వాణ్ణి మ్యాచ్‌లకు కారులో తిప్పీ తిప్పీ అమ్మకు ఆ ఆట మీద పిచ్చి పట్టుకుంది. మే నెల వస్తే చాలు, కొత్తగా కోసిన గడ్డి వాసనలో, చలిగాలికి శాలువా కప్పుకుని, మడతకుర్చీలో కూర్చుని, ఒక చేత్తో నాకు పులిహోర డబ్బా అందిస్తూనే కళ్ళు మాత్రం అన్నయ్య చేతి మీద నుంచి తిప్పేది కాదు. పొద్దుతిరుగుడు గింజల పొట్టు ఉమ్మే తెల్ల పిల్లల మధ్య ఆమె తెలుగు కేకలు మైదానమంతా వినిపించేవి.

అవి ఇండియా నుంచి స్టూడెంట్లు గుంపులు గుంపులుగా దిగుతున్న ఏళ్ళు. మా వీధిలో చాలా బేస్‌మెంట్లలో తెలుగు వినబడేది. మా బేస్‌మెంట్‌లో ఉండే కరీంనగర్ సాయన్న కాలేజీకి, కాఫీ షాపు డ్యూటీకి మధ్య దొరికిన కాస్త టైములో మా హాల్లో కూర్చుని ఆట చూసేవాడు. పెద్ద లీగ్ జట్లు కొత్త కుర్రాళ్ళను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ ఆ వేసవిలో దగ్గర పడుతుండగా, ఒకరోజు టీవీలో ఓ నిపుణుడు అన్నయ్య పేరు చెప్పాడు. ఈ కుర్రాణ్ణి తప్పకుండా మూడో రౌండ్‌లో ఏదో ఒక జట్టు తీసుకుంటుందన్నాడు.

"ఆంటీ, విన్నరా! మనోని పేరు టీవీల జెప్తుండు!" అని సాయన్న ఎగిరి గంతేశాడు. నాన్న అప్పటికే ఫోన్లో ఎవరికో చెబుతున్నారు. అమ్మ మాత్రం టీవీ కట్టేసింది.

"ఆయన చెప్పింది జరగదు. వీడి మోచెయ్యి బాగాలేదు."

"అంత పెద్ద ఎక్స్‌పర్ట్ కంటే నీకు ఎక్కువ తెలుసా?" అన్నారు నాన్న.

"ఆయన బంతి ఎంత స్పీడుగా పోతోందో చూశాడు. వేశాక వీడు చెయ్యి ఎట్లా దించుకుంటున్నాడో నేను చూశా. జెర్సీ నిండా బామ్ వాసన."

సోఫాలో కూర్చున్న అన్నయ్య ముఖం ఎర్రబడింది. "ఐ యామ్ ఫైన్, అమ్మా! స్టాప్ ఇట్!" అని తలుపు విసిరికొట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి అమ్మ డాక్టర్ దగ్గరికి రమ్మనేది, వాడు రానని మొండికేసేవాడు; రోజూ నాతో టెన్నిస్ బంతి ఆడే అన్నయ్య వీధి చివరి ఖాళీ స్థలానికి రావడమే మానేశాడు.

డ్రాఫ్ట్ రోజు మధ్యాహ్నం నాన్న లాప్‌టాప్‌ను టీపాయ్ మీద పెట్టారు. సాయన్న డ్యూటీ మార్చుకుని మిఠాయి పెట్టెతో వచ్చాడు. మూడో రౌండ్ మొదలైంది. ఒక్కో పేరూ పిలుస్తున్నారు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. అప్పుడు అన్నయ్య ఫోన్ మోగింది.

ఒక జట్టు వాళ్ళు. తర్వాతి వంతు మాది, నిన్ను తీసుకుందామనుకుంటున్నాం, ఆరోగ్యం అంతా బాగానే ఉందా అని అడుగుతున్నారు. ఆ మాటలు స్పీకర్‌లో మా అందరికీ వినిపించాయి. నాన్న కుర్చీలోంచి లేచారు. అన్నయ్య అమ్మ వైపు చూశాడు. అమ్మ తల ఊపలేదు, అడ్డుగా ఊపలేదు, కళ్ళు మాత్రం దించేసుకుంది.

"నో సర్," అన్నాడు అన్నయ్య. "నా మోచెయ్యి చాలా రోజులుగా నొప్పిగా ఉంది." ఇంగ్లీషులో, నెమ్మదిగా, ప్రతి మాటా విడివిడిగా చెప్పాడు.

అవతలివాళ్ళు చెప్పినందుకు థాంక్స్ అని పెట్టేశారు. నిమిషంలో లాప్‌టాప్‌లో ఇంకెవరి పేరో వినిపించింది. నాన్న దాన్ని మూసేశారు. అన్నయ్య సోఫాలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అమ్మ వచ్చి ఆ ఎడమచేతిని తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తనన్నట్టే అయిందని ఆమె అప్పుడు గానీ, ఆ తర్వాత గానీ అనలేదు.

ఆపరేషన్ అయింది. అన్నయ్య యూనివర్సిటీలో మళ్ళీ బంతి పట్టాడు కానీ, ఆ వేగం తిరిగి రాలేదు. ఇప్పుడు రెజైనాలో ఒక స్కూల్లో టీచరు. సాయంత్రాలు పిల్లలకు బంతి విసరడం నేర్పుతాడట, చెయ్యి కాస్త నొప్పి అన్నా చాలు, ఇంటికి పంపించేస్తాడట.

మిల్టన్ ఇల్లు అమ్మేశాం. సాయన్న ఎక్కడున్నాడో తెలియదు. మేం ఆడుకున్న వీధి చివరి ఖాళీ స్థలంలో ఇళ్ళు లేచాయి. ఆ నిపుణుణ్ణి మాత్రం ఇంకా టీవీలో చూస్తుంటాను. అన్నయ్య విషయంలో తన లెక్క తప్పిందనే ఆయన అనుకుంటూ ఉంటాడు. ఆయన చెప్పిన రౌండ్‌లోనే ఫోన్ వచ్చిందని ఆ హాల్లో ఉన్న మాకు, ఆ జట్టు వాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు.