సిన్నోడి పెళ్లికి వచ్చిన దొరసాని

ఇప్పుడంటే పిల్లలు టీవీతో మాట్లాడి మరీ కావలసిన బొమ్మ పెట్టించుకుంటున్నారు గానీ, ఆ రోజుల్లో, అంటే రెండు వేల ఎనిమిది, తొమ్మిది ప్రాంతంలో, మా గోపాలపట్నంలో ఒక వీడియో తెర మీదికి రావాలంటే ఇంట్లో ఎవరో ఒకరు దానికి ఊడిగం చేయాల్సిందే. మా ఇంట్లో ఆ ఒకరు నేనే. ఆటోనగర్‌లో ఓ చిన్న ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం నాది. (కూర్చోవడం ఎక్కువ, ఉద్యోగం తక్కువ.) ఆ మాత్రానికే చుట్టాల్లో నాకు 'కంప్యూటర్ బాబు' అని పేరు పడిపోయింది. ఎవరింట్లో మిక్సీ తిరక్కపోయినా నాకే ఫోను. నేనూ ఏమీ తక్కువ తినలేదు. వెళ్లి, మిక్సీ వంక కాసేపు గంభీరంగా చూసి, "దీనికి సర్వీసింగ్ కావాలండీ" అని చెప్పి, టీ తాగి వచ్చేవాణ్ని.

పక్క వాటాలో మా అక్కా బావా ఉండేవారు. బావ పోర్టులో క్రేన్ నడిపేవాడు. కొత్తగా వీడియో కెమెరా కొన్నాడేమో, సింహాచలం కొండ మీద జరిగిన అన్నప్రాశన మొదలుకొని, హార్బరులో పడవ దించిన సొరచేప దాకా దేన్నీ వదల్లేదు. అవన్నీ దాచడానికి నేనే పట్టుబట్టి ఒక నెట్‌వర్క్ డబ్బా కొనిపించాను. చెప్పుల పెట్టె అంత ఉండేది. దాన్ని మేడ మీద గదిలో పెట్టి, కింద హాల్లో టీవీకి తగిలించిన కంప్యూటరులో లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఒకటి వేశాను. అది పైనున్న డబ్బాలోకి తొంగిచూసి, అందులోని వీడియోలకు రంగురంగుల అట్టలు వేసి, దుకాణంలో సీడీల్లాగా తెర మీద వరసగా పేరుస్తుందట. ఫైళ్లకు ఇంగ్లీషు అక్షరాల్లో పేర్లు పెట్టే పని బావ తీసుకున్నాడు. ఒంటి వేలితో, ఒక్కో అక్షరాన్ని వెతికి పట్టుకుని మరీ కొట్టేవాడు.

పేరుస్తుందన్న మాటే గానీ, నెల తిరిగినా తెర మీద ఒక్క అట్టా పడలేదు. 'లైబ్రరీ ఖాళీగా ఉంది' అని ఇంగ్లీషులో మర్యాదగా చెప్పేది. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాను. పాస్‌వర్డ్ మార్చాను. డబ్బాకి ఉన్న అనుమతులన్నీ ఇచ్చేశాను, లేనివి కూడా ఇవ్వబోయాను. ఒక్కోసారి పేర్లన్నీ కనిపించేవి, అట్టలు పడేలోపే కరెంటు పోయి వచ్చేది, మళ్లీ ఖాళీ. చివరికి తేలిందేమిటంటే, కరెంటు వచ్చినప్పుడల్లా మా రూటరు ఆ డబ్బాకి కొత్త అడ్రసు ఇస్తోంది. లైబ్రరీ పాపం పాత అడ్రసుకి వెళ్లి తలుపు కొట్టి, ఎవరూ పలక్క తిరిగొచ్చేస్తోంది. ఈ సంగతి అమ్మకి చెబితే, "అద్దెకున్నోల్లు ఇల్లు మారిపోనారని ఎవులైనా సెప్పాలి కదరా దానికి" అంది. ఇంతకన్నా బాగా ఆ ముక్క నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

సరిగ్గా అప్పుడే నాకో సంబంధం వచ్చింది. అమ్మాయి ఫొటో చూసిన మరుక్షణం నుంచి నాకు ఆఫీసులో కూడికలు తప్పుతున్నాయి. చేసుకుంటే ఆ అమ్మాయినే చేసుకోవాలని తీర్మానించుకున్నాను. అడ్డల్లా వాళ్ల నాన్నగారే. రిటైరైన లెక్కల మాస్టారు. ఫోనులో ఆయన తెలుగు రేడియో వార్తల్లా ఉండేది. ఆటోనగర్‌లో కంప్యూటర్ ఉద్యోగమంటే ఆయనకు నమ్మకం కుదరలేదు. "అక్కడ లారీలకు కదా పని ఉండేది?" అన్నారట. దానికి మా బావ ఊరుకోక, "మావోడు ఇంట్లోనే సినిమా హాలు కట్టీసినాడు మాస్టారూ, వొచ్చి సూడండి" అనేశాడు. వచ్చే ఆదివారం వస్తాం, చూస్తాం అన్నారు.

ఇక నాకు రెండు పనులు పడ్డాయి. ఒకటి డబ్బాకి శాశ్వత అడ్రసు ఇవ్వడం. రెండోది ఇంట్లోవాళ్ల నోళ్లు బాగు చేయడం. ఆ రేడియో తెలుగు ముందు మనవాళ్లు 'ఏటి', 'సేపలు' అంటే సంబంధం సగంలోనే తెగిపోతుందని నా భయం. అమ్మనీ బావనీ ఎదురుగా కూర్చోబెట్టి, "చేపలు అనండి, చేపలు" అని పాఠం మొదలుపెట్టాను. అమ్మ కష్టపడి "చే... చేపలు" అని, "ఇలగంటే కూర రుసి మారిపోద్దేటిరా?" అని అడిగింది. బావ మాత్రం బుద్ధిగా నేర్చుకున్నాడు.

ఆదివారం పొద్దున్న డబ్బాకి అడ్రసు ఖాయమైంది. లైబ్రరీలో ఫైళ్ల పేర్లు వరసగా దిగడం కళ్లారా చూసి, ఆనందం పట్టలేక, స్వీట్లూ అరటిపళ్లూ తేవడానికి పూర్ణా మార్కెట్‌కి పరుగెత్తాను. నేను అటు వెళ్లగానే ఆ సాఫ్ట్‌వేర్ తీరిగ్గా ఇంటర్నెట్‌లోకి వెళ్లి, ఒక్కో పేరుకీ తగిన అట్ట వెతుక్కుని తెచ్చుకుంది. ఆ సంగతి నాకు తెలియదు.

మాస్టారూ, ఆయన భార్యా వచ్చారు. కాఫీలయ్యాయి. అమ్మ అడిగిన దానికల్లా తలూపుతోందే తప్ప నోరు విప్పడం లేదు. మాస్టారు కూడా ఆచితూచి మాట్లాడుతున్నారు. "ఏదీ బాబూ, మీ గ్రంథాలయం చూపించండి" అన్నారు. బావ తమ్ముడు చిన్నోడి పెళ్లి వీడియో ఉంది, అది పెడతానని టీవీ వేశాను.

తెర నిండా ఒక దొరసాని. ఒంటి మీద బట్టకంటే మెడలో ముత్యాలు ఎక్కువ. చేతిలో సగం కొరికిన ఆపిల్ పండు, పెదాల మీద మంచి ఉద్దేశం లేని చిరునవ్వు. నా చేతిలో మౌసు ఎక్కడ నొక్కినా ఆవిడ ఇంకా పెద్దదవుతోంది.

మొదట తేరుకున్నది అమ్మ. "ఓలమ్మో! సిన్నోడి పెల్లికి ఈవిడెప్పుడొచ్చినాదిరా? నాకగుపడనేదే!"

బావ కళ్లు చికిలించి చూసి, "మన తాలూకు కాదత్తా. ఆడపెల్లోరి తాలూకై ఉంటాది" అన్నాడు.

మాస్టారు లేచి, కళ్లజోడు సవరించుకుని, టీవీ దగ్గరికి వెళ్లి కింద ఉన్న ఇంగ్లీషు కథాసారం చదివారు. తరగతిలో చదివినట్టు పైకే చదివారు. అందులో ఇద్దరు భర్తలూ ఒక హత్యా ఉన్నాయి. నా పెళ్లి అక్కడితో అయిపోయిందని నాకు అర్థమైంది. ఆ ఫొటోలోని అమ్మాయి ముఖం కళ్లముందు తిరిగింది.

"ఈ ఫైలు పేరు ఎవరు పెట్టారు?" అన్నారు మాస్టారు, ఇటు తిరిగి.

"నానే మాస్టారూ. సిన్నోడి పెల్లి కదా, సిన్నోడి పెల్లనే ఎట్టినాను" అన్నాడు బావ, ఆ కంగారులో నా పాఠమంతా మరిచిపోయి.

మాస్టారు మళ్లీ తెర వైపు వంగారు. ఎస్, ఐ, ఎన్. ఆ పక్కన బావ ఒంటి వేలు తడబడి పడిన ఒక ఖాళీ. ఆ తరువాతే మిగతా పేరు. ఆ మూడక్షరాలకీ ఇంగ్లీషులో పాపమని అర్థం. సాఫ్ట్‌వేర్ తన పని తను నిజాయితీగా చేసింది, పాపం పేరుతో ఉన్న సినిమా అట్ట తెచ్చి మా చిన్నోడికి తొడిగింది. మాస్టారి భుజాలు కదలడం మొదలెట్టాయి. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. ఆయన కళ్లజోడు తీసేసి, సోఫాలో కూలబడి, కడుపు పట్టుకుని, "ఓర్నాయనో! సిన్నోడు పాపమైపోనాడేటి!" అన్నారు.

నేను నోరు తెరిచాను. రేడియో ఆగిపోయింది!

"ఇంటికాడ ఇలగే మాటాడతారు బాబూ" అన్నారు ఆయన భార్య, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "మీరేటనుకుంటారోనని పొద్దున్నించి బిగబట్టుకున్నారు."

అమ్మ ముఖం వెలిగిపోయింది. "ముందే సెప్పొచ్చు కదా వొదినా, నాను కూడా దవడలు నొప్పెట్టి సచ్చిపోతన్నాను" అని వంటింట్లోకి వెళ్లి, 'సేపలు' అనేస్తారన్న భయంతో నేను దాచిపెట్టమన్న చేపల పులుసు బయటికి తీసింది. దొరసాని మీద నొక్కితే లోపల నిజంగానే చిన్నోడి పెళ్లే ఉంది. మాస్టారు తాళి కట్టేదాకా చూసి, రెండోసారి పులుసు వేయించుకుని, వెళ్లేటప్పుడు నా భుజం తట్టి, "అమ్మాయికి సెప్పాలిది, నవ్వలేక సచ్చిపోద్ది" అన్నారు. చెప్పారు కూడా. ఆ అమ్మాయి నవ్వి, నవ్వి, ఆ నవ్వులోనే సరే అందట.

తప్పంతా నాదేనని తరువాత తెలిసింది. లైబ్రరీలో ఆ ఫోల్డరు కలిపేటప్పుడు, ఇవి సినిమాలా, ఇంటి వీడియోలా అని అది అడిగింది. నేను గొప్పకి పోయి సినిమాలని నొక్కాను.

మొన్న అటక సర్దుతుంటే ఆ డబ్బా దొరికింది. వైరు తగిలిస్తే, ముసలిదైనా మూలిగి లేచింది. మా పెళ్లి వీడియోలన్నీ ఉన్నాయి. పేర్లు పెట్టింది బావే. ఆ దొరసాని గండం మళ్లీ రాకూడదని నా పాఠాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నాడో అప్పుడే చూశాను. మా సత్యనారాయణ వ్రతానికి 'చత్యనారాయణ వ్రతం' అని పేరు పెట్టాడు. సింహాచలం 'చింహాచలం' అయిపోయింది. మా ఆవిడ నేల మీద కూర్చుని నవ్వుతోంది. సరిచేద్దామని పేరు మీద నొక్కినవాణ్ని, వేలు తీసేశాను. పెళ్లి కోసం ఇంటిల్లిపాది నోళ్లూ దిద్దబోయిన ఆ కంప్యూటర్ బాబు ఇప్పుడు ఎదురుపడితే, వాడి మీద నాకు కోపం రాదు, ముద్దొస్తుంది. భుజం మీద చెయ్యేసి, "ఏటి బాబూ, ఏటి సేత్తన్నావ్?" అని అడుగుతాను.