నాన్న కొత్త లుంగీ చింపిన నర్సవ్వ పెద్దమ్మకు

నిన్న పొద్దున కాలేజీ క్యాంటీన్‌లో ఉండగా అమ్మ ఫోన్. "నర్సవ్వక్క పోయిందే."

"ఏ నర్సవ్వ?" అని అడిగాను.

నాకు తెలిసిన నర్సవ్వ ఒక్కతే.

అన్నం వార్చి, జర కూసుంటా అని కూర్చుందట. హార్ట్ ఎటాక్. ఎవరి పర్మిషనూ అడగకుండా పని ముగించడం ఆమెకు అలవాటే.

తెలియనివాళ్ల కోసం: సూరత్ పాండేసరలో మా గదుల వరుస చివర తెలుగు మెస్ నడిపేది. బట్టలకు రంగులద్దే డైయింగ్ మిల్లుల్లో పనిచేసే మనవైపు మగవాళ్లందరి కడుపులూ ఆమె చేతిలో ఉండేవి. నాకు చుట్టం కాదు. పెద్దమ్మా అనకపోతే మాత్రం పలికేది కాదు.

ఇక ఒక చారిత్రక ఘట్టం. మగ మహాశయులు స్క్రోల్ చేసి వెళ్లిపోవచ్చు. ఆగితే ఇంకా మంచిది.

నేను అప్పుడు ఎనిమిదో తరగతి. ప్యాడ్లు టీవీలో మాత్రమే చూసేవాళ్లం. సూరత్ చీరల ఊరు, ఆ చీరలేమో పాలిస్టర్. మిల్లులో మిగిలిన ముక్కలు నాన్న ఊరికే తెచ్చేవాడు. మా గదుల్లో ఆడపిల్లలందరం నెలనెలా వాడింది వాటినే.

పాలిస్టర్ గొప్పతనం ఏమిటంటే, అది దేన్నీ పీల్చుకోదు.

ఉతికాక ఎవరి కంటా పడకుండా మంచం కింద ఆరేయాలి. వానాకాలంలో ఆరేవి కావు. తడివే మళ్లీ వాడాలి.

తొడలు ఒరుసుకుపోయి పుండ్లు పడ్డాయి. దురద, జ్వరం. నడవలేక స్కూలు మానేశాను.

అమ్మ తీర్పు ఇచ్చేసింది. "ఇంట్లనే ఉండి చీరలకు స్టోన్లు అంటియ్యి. సదువు మనకు అచ్చిరాలే."

నా బ్యాగ్ అటకెక్కింది.

నర్సవ్వ పెద్దమ్మ నా నడక చూసింది. నేరుగా మా గదిలోకి వచ్చి, మంచం కింద చెయ్యిపెట్టి, ఒక ముక్క లాగి వాసన చూసింది.

"గిదేందే? గీ ప్లాస్టిక్ బట్టతోని పోరి పెయ్యి ఖరాబైతాంది!"

దండెం మీద నాన్న కాటన్ లుంగీ ఉంది. ఊరి నుంచి తెచ్చుకున్నది. నాన్న కళ్లముందే నిలువునా చింపింది.

"అక్కా, గది కొత్త లుంగీ!"

"మరి నీ బిడ్డకు పాతది పెడుతనా?"

తర్వాత నన్ను సర్కారు దవాఖానకు తీసుకెళ్లింది. డాక్టరమ్మ మందు రాసి, నూలుగుడ్డ వాడు, సబ్బుతో ఉతుకు, ఎండలో ఆరెయ్ అని చెప్పింది.

ఎండ డాబా మీదే ఉంది. అక్కడ ఆదివారం మగవాళ్ల పేకాట.

పెద్దమ్మ వాళ్ల నెత్తిమీదే తాడు కట్టి, వరుసలో ఆడపిల్లలందరి గుడ్డలూ ఆరేసింది.

ఒకాయనకు సిగ్గు ముంచుకొచ్చింది. "అందరి ముంగట గిట్ల ఏందక్కా? జర ఇజ్జత్ ఉండాలె."

"ఇజ్జత్ ఉన్నోళ్లకు ఇయ్యాల మెస్ బంద్."

అన్నం వేళకు ఎవరికీ సిగ్గు మిగల్లేదు.

నా పుండ్లు మానాయి. అటక మీది బ్యాగ్ దించింది అమ్మే. పెద్దమ్మ పక్కన నిలబడి చూసింది, అంతే.

నిన్న ఇంటికొచ్చేసరికి ఆమెను మెస్ గదిలో పడుకోబెట్టారు. నాకేమో పీరియడ్స్. ముట్టుతో శవం దగ్గరికి పోకూడదని మనవాళ్ల రూల్. గడప దగ్గర అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ముట్టున్నవ్, లోపటికి పోకు."

సరే అని నిలబడ్డాను. ఇలాంటి రోజు ఎవరితో వాదిస్తాం?

అమ్మ లోపలికి చూసింది. చాలాసేపు చూసింది. చెయ్యి తీసేసింది.

"పోవే. పోయి కాళ్లు మొక్కు. లేకుంటే అక్క లేచి నన్ను తిడ్తది."

పోయాను. కాళ్లు పట్టుకుని మొక్కాను.

పెద్దమ్మ లేవలేదు.

వెళ్లు పెద్దమ్మా. అక్కడ ఎవరో ఒకరు నీకు వేడివేడిగా వడ్డించాలి. తిని, నెమ్మదిగా నిద్రపో.